నగర నీటి సరఫరాలో పెట్టుబడి పెట్టొచ్చా?

హైదరాబాద్ జలమండలి షేర్లు స్టాక్ మార్కెట్లో దొరకవు. అది ప్రభుత్వ సంస్థ. జలమండలి ఏర్పడిన 1989లోనే ఇంగ్లండ్, వేల్స్‌లలో పది ప్రాంతీయ నీటి సంస్థలను ప్రైవేటుపరం చేసి, షేర్లను జనానికి అమ్మారు. మన దేశంలో ఆ దారి పట్టలేదు. నీటి సరఫరా ఇక్కడ ఎక్కువగా నగరపాలికలు, ప్రభుత్వ బోర్డుల చేతుల్లోనే ఉంది.

మరి సామాన్యులు డబ్బు పెట్టే వీలే లేదా? ఉంది. అదే మున్సిపల్ బాండ్, అంటే నగరపాలికకు మనమిచ్చే అప్పు. అమృత్ పథకం పనులకు విశాఖ కార్పొరేషన్ 2018లో ఇలా రూ.80 కోట్లు సేకరించింది.

చిన్న మదుపరులకు బాగా తెలిసింది మాత్రం ఇండోర్ బాండే. ఆ ఊరికి నర్మద నీళ్లు దాదాపు 70 కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోయాలి. కరెంటు బిల్లు తడిసి మోపెడవుతోంది. అందుకే జలూద్‌లో 60 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం కట్టడానికి 2023 ఫిబ్రవరిలో రూ.244 కోట్ల బాండ్లు అమ్మారు. వడ్డీ 8.25 శాతం, ఆరు నెలలకోసారి చెల్లింపు. రూ.700 కోట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి.

వడ్డీ బాగుందని తొందరపడొద్దు. ఇది బ్యాంకు ఎఫ్‌డీ కాదు, డిపాజిట్ బీమా ఉండదు. వడ్డీపై పన్ను కట్టాలి. మధ్యలో అమ్ముకుందామంటే కొనేవారు దొరకడం కష్టం.

అసలు ప్రశ్న: అప్పు తీర్చే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఆస్తి పన్ను, నీటి బిల్లుల నుంచే. పైపుల్లో కారిపోయే నీళ్లకు, అక్రమ కనెక్షన్లకు బిల్లు రాదు. హైదరాబాద్‌లో షరతులకు లోబడి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తున్నారు. ఇంటివాళ్లకు అది ఊరటే. అప్పిచ్చేవాళ్లు మాత్రం ఆ లోటు ఎవరు పూడుస్తారని అడుగుతారు, అడగాలి కూడా.

నీటిశుద్ధి కేంద్రాలు కట్టే వాటెక్ వాబాగ్ లాంటి కంపెనీల షేర్లు మరో దారి. అయితే వాటి ఖాతాదారుల్లో ప్రభుత్వాలూ పెద్ద సంఖ్యలో ఉంటాయి. ఆర్డర్లు ఎన్ని వచ్చాయన్నదే కాదు, బకాయిలు ఎంత పేరుకున్నాయో కూడా చూడాలి.

బాండ్ కొనేముందు ఆఫర్ పత్రంలో ఆ నగరం పన్ను వసూళ్లు, రేటింగ్, చెల్లింపుల కోసం విడిగా ఉంచే ఎస్క్రో ఖాతా వివరాలు చదవండి.