ఆడకూలి, మగకూలి

నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలకు నీళ్లిచ్చే కె.సి. కాలువను 1882లో సర్కారు కంపెనీ దగ్గర కొనుక్కుంది. కాలువకు యజమాని మారాడు గానీ, దానికింద ఆడకూలి, మగకూలి వేరువేరుగానే సాగాయి.

మడక దున్నడం, గట్లు చెక్కడం మగపనట. నాట్లు, కలుపు ఆడపనట! పొద్దంతా బురదలో నడుం వంచేది తేలికపని ఎట్లా అయిందని నేనడిగితే ఎవరూ జవాబు చెప్పరు.

1976 నాటి సమాన వేతన చట్టం ఒకేరకం పనికి ఒకే కూలి అంది. పని పేరే వేరుచేస్తే ఇంక పోలికెక్కడ? అక్కడే ఉంది కిటుకంతా! 2005 నాటి ఉపాధిహామీ చట్టం మట్టిపనికి రెండు రేట్లు వద్దంది. ఆంధ్రలో ఆ పనులకు వచ్చినవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే.

కూలి ఇచ్చే చేతుల్లో మనవీ ఉన్నాయి కదా! ఈసారి నాట్లకు లెక్క కట్టేటప్పుడు పనిని చూద్దాం, చీరను కాదు.