ఓటరు నోటు, సభ్యుడి నోటు: చట్టం నడిచిన దారి

బోరబండ ఎంఎంటీఎస్ స్టేషన్ పక్క స్టేషనే హైటెక్ సిటీ. అక్కడి అద్దాల మేడల్లో ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, వంట చేసేవాళ్లు చాలామంది ఇలాంటి బస్తీల్లోనే అద్దెకుంటారు. పొట్ట చేతబట్టుకొని ఏజెన్సీ గూడేల నుంచి వచ్చిన మనవాళ్లూ వారిలో ఉన్నారు. బోరబండ జూబ్లీహిల్స్ అసెంబ్లీ నియోజకవర్గంలో భాగం. 2025 నవంబర్ 11న ఇక్కడ ఉప ఎన్నిక జరిగింది. ఎన్నికలంటే చాలు, బస్తీ గురించి పెద్దలు అనే మాట ఒకటే: "వాళ్లు నోటు తీసుకుని ఓటేస్తారు." గూడేల గురించీ అదే మాట. బడిలో మనం కూడా పిల్లలకు ఓటు అమ్ముకోవద్దనే చెబుతాం. చెప్పాల్సిందే. కానీ అది సగం పాఠమే. గెలిచినవాడి ఓటు సంగతేమిటి అన్నది మిగతా సగం.

ముందు ఓటరు సంగతి చూద్దాం. 1920లో బ్రిటిష్ ప్రభుత్వం భారత శిక్షాస్మృతిలో ఎన్నికల నేరాల అధ్యాయాన్ని చేర్చింది. 171-బి సెక్షన్ ప్రకారం ఓటు కోసం డబ్బు ఇచ్చినవాడిదే కాదు, తీసుకున్నవాడిదీ నేరమే. శిక్ష ఏడాది వరకు జైలు. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ ఈ నేరం ఉంది. అంటే ఓటు కోసం వెయ్యి రూపాయలు తీసుకున్న కూలీ వందేళ్లకు పైగా చట్టం కంటికి నేరస్థుడే.

ఇక సభ సంగతి. 1993 జులై 28న లోక్‌సభలో పి.వి. నరసింహారావు ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం ఓటింగుకు వచ్చింది. ఆయనది మైనారిటీ ప్రభుత్వం. తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు పడ్డాయి. 14 ఓట్ల తేడాతో ప్రభుత్వం నిలిచింది. ఆ ఓట్లలో కొన్నిటిని డబ్బుతో కొన్నారని తర్వాత కేసు నడిచింది. డబ్బు తీసుకున్నారన్న ఆరోపణ వచ్చినవారిలో నలుగురు జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు.

ఈ పేరు దగ్గర మనం ఒక్క క్షణం ఆగాలి. వడ్డీ వ్యాపారులు లాక్కున్న భూముల్లో సంతాలులు మళ్లీ దిగి వరి కోసుకున్న పోరాటంలో ఎదిగిన నాయకుడు శిబూ సోరెన్. ఆయన పార్టీయే ఇది. ఆ కేసులో ఆయన పేరూ ఉంది. భూమి కోసం పుట్టిన పార్టీ మీద ఓటు అమ్మిందన్న మచ్చ పడడం ఆదివాసులందరికీ బాధ కలిగించేదే. దాన్ని దాచిపెట్టడం వల్ల మనకు ఒరిగేదేమీ లేదు.

1998 ఏప్రిల్ 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 3-2 మెజారిటీతో తీర్పు చెప్పింది. సభలో మాట్లాడిన మాటకు, వేసిన ఓటుకు సభ్యుడిని ఏ కోర్టులోనూ విచారించరాదని రాజ్యాంగంలోని 105(2) అధికరణం అంటోంది. సభ్యుడు రాజుకూ పోలీసుకూ జడవకుండా మాట్లాడడానికి పెట్టిన రక్షణ అది. ఆ రక్షణ లంచం తీసుకుని ఓటు వేసినవారికీ వర్తిస్తుందని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. డబ్బు తీసుకుని ఓటే వేయలేదన్న ఆరోపణ ఉన్న అజిత్ సింగ్‌కు మాత్రం అది వర్తించదన్నారు. ఇచ్చినవారికీ రక్షణ లేదన్నారు. లంచం ఇచ్చారన్న కేసులో నరసింహారావును 2000లో ప్రత్యేక కోర్టు దోషిగా తేల్చింది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది.

ఇందులో వింత చూడండి. సొమ్ము తీసుకుని మాట నిలబెట్టుకున్న సభ్యుడికి రక్షణ, మాట తప్పినవాడికి కేసు. బస్తీలో వెయ్యి తీసుకున్నవాడికి మాత్రం ఎటు చూసినా జైలే. దాదాపు 26 ఏళ్లు దేశంలో ఇదే చట్టం.

అది మారింది కూడా ఆ పార్టీ సభ్యురాలి కేసులోనే. 2012లో జార్ఖండ్‌లో రాజ్యసభ ఎన్నిక జరిగినప్పుడు శిబూ సోరెన్ కోడలు, ఎమ్మెల్యే సీతా సోరెన్ ఒక స్వతంత్ర అభ్యర్థి నుంచి డబ్బు తీసుకున్నారన్న ఆరోపణ వచ్చింది. ఆమె పాత తీర్పు చూపించి తనకు రక్షణ ఉందన్నారు. 2024 మార్చి 4న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా పాత తీర్పును కొట్టేసింది. లంచం చేతిలో పడ్డప్పుడే నేరం పూర్తవుతుంది, తర్వాత ఓటు ఎటు వేశారన్నది అనవసరం అని చెప్పింది.

చేతికిచ్చే డబ్బు ఒక్కటే కాదు, పార్టీకిచ్చే డబ్బూ ఉంది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 2022 నుంచి మన రాష్ట్రాల్లో పరిమితి 40 లక్షలు. పార్టీ ఖర్చుకు పరిమితే లేదు. పార్టీ పెట్టిన ఖర్చునూ అభ్యర్థి లెక్కలో వేయాలని 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు అంటే, అదే నెలలో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి దాన్ని పక్కన పెట్టింది. 2017లో కంపెనీల విరాళాలపై ఉన్న పరిమితిని ఎత్తేశారు. 2018లో ఎన్నికల బాండ్లు వచ్చాయి. ఎవరు ఏ పార్టీకి ఎంతిచ్చారో ఓటరుకు తెలియకుండా పోయింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని రద్దు చేశాక లెక్కలు బయటపడ్డాయి. కొన్నవారిలో రెండో స్థానం హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు.

ఇదంతా మనకెందుకు? తెలంగాణలో 12, ఆంధ్రప్రదేశ్‌లో 7 అసెంబ్లీ స్థానాలు ఎస్టీలకు రిజర్వు. ఐదో షెడ్యూల్ ప్రకారం గిరిజన సలహా మండలిలో నాలుగింట మూడు వంతుల మంది గిరిజన ఎమ్మెల్యేలే ఉండాలి. మండలిని సంప్రదించకుండా గవర్నర్ మన ప్రాంతపు భూమి నిబంధనలు చేయడానికి లేదు. 1/70 చట్టానికి, ఖనిజ భూములను ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదన్న 1997 సమతా తీర్పుకు కాపలా ఉండాల్సింది వీళ్లే. ఆ కాపలావాడి ఓటుకు ధర కడితే పోయేది మన కొండ, మన చెలక.

2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల వల్ల ప్రతి అభ్యర్థీ తన ఆస్తులు, అప్పులు, కేసులు అఫిడవిట్‌లో రాసివ్వాలి. ఎన్నికల సంఘం వాటిని అందరికీ అందుబాటులో పెడుతుంది. మన ఎమ్మెల్యే గత ఎన్నికల అఫిడవిట్, ఈసారి అఫిడవిట్ పక్కపక్కన పెట్టి తీసివేత లెక్క చేయించండి. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగలడు. ఆస్తి పెరిగినంత మాత్రాన దొంగతనమని కాదు. ఎలా పెరిగిందని అడిగే హక్కు మాత్రం మనది. గోండు గూడేల్లో రాయి సెంటర్ పంచాయితీ అందరి ముందూ జరుగుతుంది. ఎవరేం అన్నారో ఊరందరికీ తెలుస్తుంది. పార్టీల డబ్బు లెక్క కూడా అలాగే నలుగురి ముందుకు రావాలని అడుగుదాం. ఓటరుకు చెప్పే నీతి గెలిచినవాడికీ చెప్పినప్పుడే మన పాఠం పూర్తవుతుంది.