నల్లమట్టి మీద రెండడుగుల ఒండ్రు

తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళం సోషల్ పరీక్షలో ఒక్కసారైనా రాసే ఉంటాం: ఒండ్రు నేలలు సారవంతమైనవి. రెండు మార్కులు. వరద తీశాక పొలంలో మేట వేసిందంటే రైతు మొదట అడిగేది ఇసుకా, ఒండ్రా అని. ఇసుకైతే కొంప మునిగినట్టే, ఒండ్రైతే ఫర్వాలేదు. ఆ లెక్కన ఒండ్రంటే నది మనకి ఇచ్చిపోయిన సొమ్ము. ఆ సొమ్ము ఎవరిది, ఎక్కణ్ణుంచి తెచ్చింది అన్న ప్రశ్న మన పాఠంలో లేదు.

ఆ ప్రశ్నకి తేదీలతో సహా జవాబు దొరికే చోటొకటి ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు నైరుతి మూలన, మిసిసిపీలో కలిసే కూన్ క్రీక్ అనే చిన్న వాగు లోయ.

అమెరికా వ్యవసాయ శాఖ దేశంలోని ప్రతి రకం నేలకీ ఓ పేరు పెట్టి, దాని గుణగణాలతో ఒక పత్రం రాసి పెట్టుకుంది. ఈ ప్రాంతపు వరద మైదానాల్లో కనిపించే ఒక నేల పేరు ఓరియన్. ఆ పత్రంలో భాష మన రెవెన్యూ రికార్డుల భాషలాగే పొడిపొడిగా ఉంటుంది. కానీ ఓపిగ్గా చదివితే అందులో ఒక కథ ఉంది.

మొదటి సంగతి, ఇది సిల్ట్. అంటే ఇసుక కన్నా సన్నం, బంకమట్టి కన్నా ముతక. ఇసుక వేళ్ళకి గరగరలాడుతుంది, బంకమట్టి అంటుకుంటుంది. ఇది పొడిగా ఉన్నప్పుడు మైదాపిండిలా జారిపోతుంది. ఇంత సన్నటి మట్టిని నీళ్ళు సులువుగా ఎత్తుకుపోతాయి, నీళ్ళు నెమ్మదించిన చోట అంతే సులువుగా వదిలేస్తాయి.

రెండోది, ‘సమ్‌వాట్ పూర్లీ డ్రెయిన్డ్’. నేలలోంచి నీరు ఎంత తొందరగా దిగిపోతుంది అన్నదాన్ని బట్టి ఏడు తరగతులు చేసుకున్నారు. ఇది పైనుంచి ఐదోది. చిత్తడి అనడానికి లేదు, ఆరిన నేల అనడానికీ లేదు. ఏడాదిలో కొన్ని నెలలు నీటిమట్టం పైకొచ్చి వేళ్ళ దాకా ఉంటుంది, తర్వాత దిగిపోతుంది. నాకు ఇందులో బాగా నచ్చింది, ఆ సంగతి కనిపెట్టడానికి ఏడాది పొడుగునా బావి దగ్గర కాపలా కాయనక్కర్లేకపోవడం. నేలే రాసిపెట్టుకుంటుంది. నీళ్ళు నిండిన మట్టిలో ప్రాణవాయువు అయిపోతుంది. అప్పుడు సూక్ష్మజీవులు ఇనుప తుప్పుని మార్చి నీళ్ళలో కరిగేలా చేస్తాయి, ఇనుము పోయిన చోట మట్టి బూడిదరంగుకి తిరుగుతుంది. నీళ్ళు దిగి గాలి ఆడగానే కరిగిన ఇనుము మళ్ళీ తుప్పుపట్టి ఎర్రటి మచ్చలుగా కూర్చుంటుంది. బూడిదరంగు మధ్య తుప్పు మచ్చలు ఏ లోతులో మొదలయ్యాయో చూసి, నీళ్ళు ఎంతవరకు వచ్చి పోతున్నాయో చెప్పేస్తారు.

మూడోది అసలు సంగతి. పైనున్న లేతరంగు ఒండ్రు రెండు మూడు అడుగులు తవ్వాక ఆగిపోతుంది. దానికింద నల్లటి మట్టి. పత్రంలో దాన్ని ‘ఏబీ’ అని రాస్తారు. ‘ఏ’ అంటే పైమట్టి, ‘బీ’ అంటే పూడ్చబడినది. ఒకప్పుడు ఆ నల్లమట్టే నేలకి పైభాగం. దాని మీద గడ్డి పెరిగింది, మనుషులు నడిచారు.

వాగు గట్టు కోసుకుపోయిన చోట ఇదంతా విడిగా కనిపిస్తుంది. నేను చూసిన గట్టు మనిషెత్తు ఉంది. పైన లేత గోధుమరంగు పొరలు ఒకదానిమీదొకటి, ఒక్కో వరదకి ఒక్కో పొర. కింద నల్లటి చార, గీత గీసినట్టు. ఆ గీత దగ్గర పంతొమ్మిదో శతాబ్దం మొదలవుతుంది.

గీతకి కింద ఉన్న కాలం హో-చంక్ ప్రజలది. 1837లో వాషింగ్టన్‌లో కుదిరిన ఒప్పందంతో మిసిసిపీకి తూర్పున ఉన్న వాళ్ళ భూమంతా పోయింది. ఖాళీ చెయ్యడానికి ఎనిమిదేళ్ళ గడువని సంతకం పెట్టినవాళ్ళు అనుకున్నారు, కాగితం మీద మాత్రం ఎనిమిది నెలలుంది. 1850ల నుంచి కొత్త రైతులొచ్చారు, ఈ లోయకి ఎక్కువగా నార్వే నుంచి. కొండల నెత్తిన మంచు యుగంలో గాలి తెచ్చి పోసిన సన్నటి దుమ్మునేల, దున్నడానికి వెన్నలా ఉంటుంది. గోధుమ వేశారు. తర్వాత పాడి పెంచి, ఆవుల్ని వాలు మీది అడవుల్లోకి తోలారు. పొలాలు నలుచదరంగా గీసుకుని, వాలు ఎటుందో చూడకుండా నాగలి నడిపారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అప్పులు తీర్చుకుంటూ పిల్లల్ని పెంచుకున్నవాళ్ళే. రెండు తరాలు తిరిగేసరికి వానపడితే కొండ మీది దుమ్మునేల గండ్లు పడి లోయలోకి దిగడం మొదలైంది.

కింది లోయల్లో వాళ్ళకది వరప్రసాదం కాలేదు. నల్లటి పైమట్టిని సారం తక్కువున్న మట్టి కప్పేసింది. వాగు అడుగు కూడా పూడి లేచింది, దానితోబాటే నేలలో నీటిమట్టమూ లేచింది. నది అవతల మిన్నెసోటాలో ఇలాంటిదే వైట్‌వాటర్ లోయ. అక్కడ బీవర్ అనే ఊరు 1938లో ఒక్క ఏడాదే 28 సార్లు మునిగింది. జనం వదిలేసి పోయారు.

1933లో హ్యూ బెన్నెట్ నాయకత్వంలో కొత్తగా పెట్టిన నేలకోత నివారణ సంస్థ తన మొదటి ప్రయోగానికి ఈ కూన్ క్రీక్‌నే ఎంచుకుంది. సుమారు 92 వేల ఎకరాల పరీవాహక ప్రాంతం. నాలుగు వందల మందికి పైగా రైతులు ఐదేళ్ళ ఒప్పందాలు రాశారు: వాలుకి అడ్డంగా పట్టీలు పట్టీలుగా సాగు, ఒక పట్టీ గడ్డి, ఒక పట్టీ మొక్కజొన్న, నిటారు వాలుల్లోకి ఆవులు పోకుండా కంచె. పని చెయ్యడానికి మాంద్యంలో ఉద్యోగాల్లేని కుర్రాళ్ళ శిబిరాలు. సలహాదారుల్లో ఒకడైన ఆల్డో లియొపోల్డ్ 1935లో దీని గురించి వ్యాసం రాశాడు. ఆయన ప్రసిద్ధ పుస్తకం ‘ఎ సాండ్ కౌంటీ ఆల్మనాక్’ కన్నా ఈ చిన్న వ్యాసమే నాకెక్కువ ఇష్టం. ఇందులో తాత్వికత తక్కువ, కంచెల లెక్క ఎక్కువ.

ఆ దశాబ్దం అనగానే అందరికీ గుర్తొచ్చేది మైదానాల దుమ్ము తుఫాన్లు. దానికి స్టైన్‌బెక్ నవల ఉంది, సినిమా ఉంది. కూన్ క్రీక్ రైతులు ఊరొదిలి పోలేదు, నాగలి తిప్పే దిక్కు మార్చుకున్నారు. అలాంటివాళ్ళ మీద నవలలు రావు. పైగా పట్టీల సాగు వల్ల మొదట లాభపడింది లోయలో పొరుగువాడు. తన పొలం కింద ఎవరున్నారో చూసి దున్నడం చరిత్రలో తరచు జరిగే పనేమీ కాదు.

ఇది నిజంగా పనిచేసిందా? 1930ల చివర్లో లోయకి అడ్డంగా గీతలు గీసి నేల ఎత్తులు కొలిచి పెట్టారు. స్టాన్లీ ట్రింబుల్ అనే భౌగోళిక శాస్త్రవేత్త 1970ల్లో, మళ్ళీ 1990ల్లో అవే గీతల మీద కొలిచాడు. లోయలో ఒండ్రు పేరుకునే వేగం 1930ల నాటితో పోలిస్తే సుమారు 6 శాతానికి పడిపోయిందని తేలింది. కానీ వాగు మిసిసిపీలో కలిసే చోట మట్టి లెక్క అన్ని కాలాల్లోనూ దాదాపు ఒకేలా ఉంది. సాఫ్ట్‌వేర్‌లో మాకిది పరిచయమే: ఔట్‌పుట్ మాత్రమే చూసేవాడికి లోపల ఏం తగలబడుతోందో, ఏం ఆరిందో తెలియదు. కొండలు కరిగిపోతున్నప్పుడు కూడా బయటికి పోయింది చాలా కొద్ది. మిగిలిందంతా లోయలోనే ఆగింది.

2018 ఆగస్టు చివర ఒక్క రాత్రి కురిసిన వానకి ఇక్కడా, పక్కనున్న వెస్ట్ ఫోర్క్ కికాపూలోనూ కలిపి ఐదు వరద అడ్డుకట్టలు తెగాయి. లోయలో పొలాల మీద మళ్ళీ మేట. తెగిన కట్టల్ని తిరిగి కట్టాలా, మిగతావాటిని కూడా తీసెయ్యాలా అన్న చర్చ అప్పుడే మొదలైంది.

వానలు లేని రోజుల్లో కూడా వాగు తన గట్లని కోసుకుంటూనే ఉంటుంది. కొండ మీద పొలాలిప్పుడు పెద్దగా కరగడం లేదు కాబట్టి నీళ్ళు తేటగా దిగుతాయి. కిందికొచ్చాక గట్టులోని పాత ఒండ్రుని తీసుకుంటాయి. ఇవాళ కూన్ క్రీక్ మిసిసిపీకి మోస్తున్న మట్టిలో మంచి భాగం 1880ల్లో, 1920ల్లో కొండ దిగిన మట్టే.