రోజుకి నలభై నిమిషాలు

వేసవి సెలవులు అన్న మాట పుట్టించినవారెవరో కాని, ఆడవాళ్ళని అడిగి మాత్రం పుట్టించలేదు. పిల్లలకి బడి వుండదు, అయ్యగారికి నాలుగు రోజులు సెలవు దొరుకుతుంది, చుట్టాలు దిగుతారు. మనకేమో ఆవకాయ, వడియాలు, అప్పడాలు, మూడుపూటలా పొయ్యి. మేడమీద వడియాలు ఎండబెట్టి, కాకుల్ని తోలే వంకతో నీడపట్టున ఒక పుస్తకం పట్టుకుని కూర్చోవడం నాకు మొదటినుంచీ అలవాటు. అలా కూర్చున్నప్పుడే షటాక్వా సంగతి చదివాను.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి నైరుతి మూల షటాక్వా అని ఒక సరస్సు వుంది. దాని వొడ్డున అదే పేరుతో చిన్న వూరు. ఏటా వేసవిలో తొమ్మిది వారాలపాటు అక్కడికి జనం పెట్టేబేడా సర్దుకుని వస్తారు. ఎందుకనుకున్నారు? ఉపన్యాసాలు వినడానికి! వారానికొక విషయం తీసుకుంటారు. పౌరధర్మం, నీతి, మతం, సైన్సు, సాహిత్యం ఏదైనా కావచ్చు. పొద్దున్న ఒక పెద్ద ఉపన్యాసం. మధ్యాహ్నం ధర్మం గురించీ, మతాల గురించీ ఇంకొకటి. రాత్రికి సంగీతం. లోపలికి వెళ్ళాలంటే టిక్కెట్టు కొనుక్కోవాలి.

“డబ్బిచ్చి మరీ ఉపన్యాసమా!” అన్నారు మావారు. ఆయన దృష్టిలో ఉపన్యాసం అంటే సన్మానసభలో కాఫీ వచ్చేదాకా భరించవలసిన కష్టం.

నాకు మాత్రం సంగతేమిటో చూడాలనిపించింది. చూస్తే, ఆ కథ నిండా మనలాంటి ఆడవాళ్ళే కనిపించారు.

1874 ఆగస్టులో ఇద్దరు పెద్దమనుషులు ఈ పని మొదలుపెట్టారు. ఒకాయన జాన్ విన్సెంట్, మెథడిస్టు మతబోధకుడు. రెండో ఆయన లూయిస్ మిల్లర్, ఒహాయో రాష్ట్రంలో గడ్డి కోసే యంత్రాలు కనిపెట్టి అమ్ముకునే వ్యాపారి. ఈయన కూతురు మీనానే తరవాత, 1886లో, థామస్ ఎడిసన్ పెళ్ళాడాడు. ఎడిసన్‌కి చెవులు సరిగా వినిపించవు కదా, ఆమెకి టెలిగ్రాఫు సంకేతాలు నేర్పి, అరచేతిలో వేలితో టకటకా కొట్టి పెళ్ళాడతావా అని అడిగాడట. ఆమె కూడా అలాగే కొట్టి సరేనందిట. ఉపన్యాసాల మాటెలా వున్నా ఈ ముక్క చెబితే మా అమ్మాయి చెవులు నిక్కించి వింది.

మొదట్లో వాళ్ళ ఉద్దేశం చాలా చిన్నది. ఆదివారపు బడుల్లో పిల్లలకి బైబిల్ చెప్పే పంతుళ్ళకీ, పంతులమ్మలకీ సరిగా చదువు చెప్పాలని. చెట్ల కింద గుడారాలు వేసి రెండు వారాలు సభలు జరిపారు. యేసుక్రీస్తు తిరిగిన దేశం ఎలా వుంటుందో తెలియడానికి సరస్సు వొడ్డున పాలస్తీనా నమూనా ఒకటి కట్టారు. కొండలు, లోయలు, వూళ్ళు అన్నీ చిన్నవిగా చేసి, పక్కనున్న సరస్సునే మధ్యధరా సముద్రం అనుకోమన్నారు. మన బొమ్మలకొలువులో అద్దంముక్క చెరువైపోదూ, అలాగన్నమాట.

ఆ విన్సెంట్‌గారికి మనసులో ఒక వెలితి వుండేది. ఆయన కాలేజీ మెట్లెక్కి చదువుకోలేదు. ఆ బాధ తెలిసిన మనిషి కనక కాలేజీకి వెళ్ళలేకపోయినవాళ్ళ సంగతి ఆలోచించాడు. 1878లో ఒక పథకం ప్రకటించాడు. దాని పేరు షటాక్వా సాహిత్య, శాస్త్రీయ మండలి. ఎక్కడివాళ్ళక్కడే, ఎవరింట్లో వాళ్ళే వుండి, నాలుగేళ్ళపాటు వాళ్ళు చెప్పిన పుస్తకాలు వరసగా చదవాలి. మొదటి పుస్తకం జాన్ రిచర్డ్ గ్రీన్ రాసిన ఇంగ్లీషు ప్రజల చరిత్ర. తరవాత సాహిత్యం, సైన్సు, గ్రీకు, రోము చరిత్రలు. ప్రశ్నలు పోస్టులో వస్తాయి, జవాబులు రాసి పంపాలి. 1880 నుంచి వాళ్ళకోసమే ఒక పత్రిక కూడా వచ్చింది.

ఇంతకీ రోజుకి ఎంతసేపు చదవాలి? నలభై నిమిషాలు!

ఈ నలభై నిమిషాల దగ్గరే నేను ఆగిపోయాను. ఎవరో ఇల్లాలి దినచర్య పక్కన పెట్టుకుని లెక్క వేసినట్టు లేదూ? గంట అంటే మనకి కుదరదు. పావుగంట అంటే చదివినట్టుండదు. నలభై నిమిషాలంటే పప్పు వుడికి, పిల్లాడు నిద్రలేచే లోపల ఎలాగో దొంగిలించుకోవచ్చు.

మొదటి ఏడు ఎనిమిది వేలమందికి పైగా చేరారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. రైతుల భార్యలు, చిన్నవూళ్ళ గృహిణులు, బడిపంతులమ్మలు. కాలేజీలున్నా ఆడపిల్లని పంపే ఇళ్ళు తక్కువగా వున్న రోజులవి. ఇన్ని వేలమంది ఉత్తరాలూ, జవాబులూ చూడ్డానికి కార్యదర్శిగా కుదిరింది ఎవరనుకున్నారు? కేట్ కింబాల్ అని, పద్ధెనిమిదేళ్ళ పిల్ల. 1917లో కన్నుమూసేదాకా, అంటే దాదాపు నలభై ఏళ్ళు, ఆ పనిలోనే వుంది. ఆ దేశంలో ఎంతమంది ఇల్లాళ్ళు ఆవిడ ఉత్తరం కోసం పోస్టుమాన్ దారి చూసి వుంటారో!

నాలుగేళ్ళూ గడిచి 1882లో మొదటి తరగతి పూర్తయింది. పదిహేడు వందలమందికి పైగా నెగ్గారు. ఎనిమిది వేలలో అంతేనా అనకండి. నాలుగేళ్ళలో ఇంట్లో ఎన్ని పురుళ్ళు, ఎన్ని జ్వరాలు, ఎన్ని పెళ్ళిళ్ళు వస్తాయో మనకి తెలియందా! షటాక్వా రాగలిగినవాళ్ళకి పెద్ద ఉత్సవం చేశారు. అక్కడ బంగారు ద్వారం అని ఒక గేటు వుంది. ఏడాదికి ఒక్కరోజే, పట్టం పుచ్చుకునేవాళ్ళకోసమే తెరుస్తారు. దానిలోంచి, తరవాత తోరణాల కిందనుంచి వీళ్ళు నడుచుకుంటూ వెళుతుంటే తెల్లగౌన్ల పసిపిల్లలు దారిలో పూలు చల్లుతారు. పెళ్ళినాడు తప్ప తమకోసం ఎవరూ పూలు చల్లని ఆడవాళ్ళకి, నడివయసులో, చదువుకున్నందుకు పూలు! ఇది చదివినప్పుడు, చెప్పొద్దూ, నా కళ్ళు చెమర్చాయి.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆడవాళ్ళు చదవడం విన్సెంట్‌గారికి ఇష్టమే కాని, ఓటు వెయ్యడం ఇష్టంలేదు. వింటే చాలు, చదివితే చాలు అనుకున్నాడేమో పాపం. కాని విన్నవాళ్ళు వింటూనే కూర్చుంటారా? మొదటి ఏడు, 1874లోనే, అక్కడికొచ్చిన స్త్రీలు కొందరు ఒకచోట చేరి, మొగుళ్ళ తాగుడుతో సంసారాలు గుల్లయిపోతున్నాయని, దేశం మొత్తానికి ఒక మద్యనిషేధ మహిళాసంఘం కావాలని అనుకున్నారు. ఆ నవంబరులోనే క్లీవ్‌లాండ్‌లో సంఘం పెట్టేశారు. ఆ సంఘం పెద్దల్లో ఒకరైన ఫ్రాన్సెస్ విల్లార్డ్ 1876లో షటాక్వా వేదిక ఎక్కి మాట్లాడింది. మగవాళ్ళున్న సభలో ఆడది నోరు విప్పడమా అని ముక్కున వేలేసుకునే కాలం అది.

1892లో అన్నా హోవార్డ్ షా వచ్చింది. ఆవిడ డాక్టరు, మతబోధకురాలు కూడా. స్త్రీలకి ఓటు ఎందుకు కావాలో చెప్పింది. అక్కడే బక్లీ అనే మతగురువు ఓటు ఎందుకు కూడదో చెప్పాడు. జనం రెండూ విన్నారు. ఆ దేశంలో స్త్రీలందరికీ ఓటు రాజ్యాంగంలోకి ఎక్కింది 1920లో. షా అంతకు ముందు ఏడాదే, 1919లో, పోయింది. తను అడిగినదాన్ని కళ్ళారా చూసుకోలేదు. కాని చెట్ల కింద బల్లలమీద కూర్చుని ఆవిడ మాట విన్న పిల్లల్లో ఎంతమంది పెద్దవాళ్ళై ఓటు వేశారో!

ఇంకో ముచ్చట. 1877లో చెవిటి, మూగ అయిన ఒకాయన చేతిసైగలతో అక్కడ ఉపన్యాసం చెప్పాడు. చప్పట్లు కొడితే ఆయనకి వినిపించవు కదా. అందుకని అందరూ చేతిరుమాళ్ళు తీసి ఊపారు. వేల తెల్లరుమాళ్ళు ఒక్కసారిగా లేచాయి. అప్పటినుంచీ రుమాలు ఊపడం అక్కడ గొప్ప గౌరవం అయిపోయింది. ఎదటివాడికి అందేలా మెచ్చుకోవడం కూడా ఒక మర్యాదే.

అందరికీ ఆ వూరు నచ్చిందా అంటే, లేదు. హార్వర్డ్ ప్రొఫెసరు విలియం జేమ్స్ 1896లో వెళ్ళి వారం రోజులు వున్నాడు. తాగుడు లేదు, దొంగతనం లేదు, అందరూ మంచివాళ్ళే. ఐస్‌క్రీం సోడాకి మించిన వ్యసనం లేదు. బయటికి రాగానే హమ్మయ్య అనుకున్నాడట! అంత చప్పిడి స్వర్గం నాకొద్దు, కాస్త గరుకు వుంటేనే బతుకు అని తరవాత ఒక వ్యాసంలో వాపోయాడు. తెలివైనవాడే, మాటలో నిజమూ వుంది. అక్కడికొచ్చేవాళ్ళలో ఎక్కువమంది బాగా వున్న తెల్లవాళ్ళు, ఒకే మతంవాళ్ళు. పేదవాడి కష్టం ఆ గేటు బయటే వుండిపోయింది. అయినా నాకొకటి తోస్తుంది. ఏడాది పొడుగునా చదువుల మధ్యే బతికే ప్రొఫెసరుకి వారం ఉపన్యాసాలు చప్పగానే వుంటాయి. ఏడాది పొడుగునా అంట్లగిన్నెల మధ్య బతికే మనిషికి అదే పరమాన్నం. గరుకు కావలిస్తే ఆవిడ ఇంట్లో బోలెడుంది.

షటాక్వా రాలేనివాళ్ళ దగ్గరికి, 1904 నుంచి, అదే పేరు పెట్టుకుని ఉపన్యాసాల గుడారాలు వెళ్ళాయి. ఈ పని చేసింది వేరే వ్యాపారులు. రైల్లో గుడారం వస్తుంది, వారంరోజులు ఉపన్యాసాలు, పాటలు, నాటకాలు. వారం కాగానే గుడారం పక్కవూరికి పోతుంది. రేడియో వచ్చింది, సినిమా వచ్చింది, కార్లొచ్చాయి, 1929 తరవాత డబ్బుకి కటకట వచ్చింది. 1930ల మొదట్లో గుడారాలు ముడుచుకుపోయాయి. సరస్సు వొడ్డున వూరు మాత్రం నిలిచింది.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకంటారేమో. షటాక్వా మొదలైన మరుసటి ఏడే, 1875లో, మన పూనాలో న్యాయమూర్తి మహదేవ గోవింద రానడే వసంత వ్యాఖ్యానమాల అని వేసవి ఉపన్యాసాలు పెట్టించాడు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు పెట్టినవి కావు. పది మందీ కూర్చుని మంచిచెడ్డలు ఆలోచించాలన్న కోరిక రెండుచోట్లా ఒకే కాలంలో పుట్టింది, అంతే. ఆ రానడేగారింట్లోనే ఇంకో బడి నడిచింది. 1873లో, పదకొండేళ్ళ వయసులో, అక్షరంముక్క రాకుండా కాపురానికొచ్చిన భార్య రమాబాయికి ఆయనే చదువు చెప్పాడు. ఇంట్లో ఆడవాళ్ళు దెప్పిపొడిచినా ఆవిడ మానలేదు. ఆ రమాబాయే తరవాత పూనా సేవాసదనానికి ప్రాణమై, 1910లో తన జ్ఞాపకాలు తనే పుస్తకంగా రాసింది. చూశారా, అక్కడా అదే కథ. వినడంతో మొదలై, చెప్పడందాకా.

మళ్ళీ షటాక్వాకి వద్దాం. 2022 ఆగస్టు 12న మన బొంబాయిలో పుట్టిన రచయిత సల్మాన్ రష్దీ అక్కడి వేదికమీద కూర్చున్నాడు. సొంత దేశంలో బతకలేని రచయితలకి ఆశ్రయం ఇవ్వడం గురించి మాట్లాడాలి. ఇంకా మొదలుపెట్టకముందే ఒక యువకుడు కత్తి పుచ్చుకుని మీదపడి పొడిచాడు. రష్దీకి ఒక కన్ను పోయింది. 2025లో ఆ యువకుడికి ఇరవై అయిదేళ్ళ శిక్ష పడింది. దాడి మాట పేపర్లన్నీ రాశాయి. నా మనసులో నిలిచిపోయింది వేరే. వినడానికొచ్చిన మామూలు మనుషులు, పారిపోవడానికి బదులు వేదికమీదికి పరుగెత్తారు. కొందరు కత్తి పట్టినవాణ్ణి పట్టుకున్నారు. సభలో వున్న డాక్టర్లు ఆయన ప్రాణం పోకుండా చూశారు. నూటయాభై ఏళ్ళు వింటూ కూర్చున్న వూరు అవసరమైనప్పుడు లేచి నిలబడింది.

వినడమంటే వూరికే కూర్చోవడం కాదని నాకు అప్పుడు బాగా అర్థమయింది. మనకి నచ్చని మాటని కూడా చివరిదాకా విని, ఆ తరవాత కాదనడం నేర్చుకోవాలి. అది బడిలో చెప్పరు, ఇంట్లో తీరదు. పెళ్ళిచూపుల నుంచీ ముసలితనందాకా మనల్ని “వినమ్మా” అంటూనే వుంటారు కాని, ఏం వినాలో మనం ఎంచుకోనిస్తేనా!

సరే, మనకి సరస్సు లేదు, బంగారు ద్వారం లేదు. మేడమీద నీడ వుంది, పుస్తకం వుంది. ఈ వేసవినుంచి నేనూ రోజుకి నలభై నిమిషాలు అని లెక్క పెట్టుకున్నాను. మొదటిరోజు ఇరవైమూడో నిమిషంలో చుట్టాలొచ్చారు. రెండోరోజు ముప్పయ్యోదాకా వెళ్ళాను. మూడోరోజు నిండా నలభై! కళ్ళెత్తి చూస్తే కాకులు మంచం మీది వడియాల్లో ఒక వరస మొత్తం ఖాళీ చేసేశాయి.

పోనీండి. నాలుగేళ్ళ చదువుకి ఆ మాత్రం జీతం కట్టుకోవద్దూ!