మిస్డ్ కాల్‌తో నిద్రలేచిన వైఫై

స్కైప్ మూతపడింది 2025 మే 5న. ఏడాది తిరిగింది, శుక్రవారంలోగా ఏదైనా రాసివ్వమన్నారు ఎడిటర్ గారు. నాకేమో స్కైప్ అంటే ముందు మైత్రీవనమే గుర్తొస్తుంది.

అక్కడికి వెళ్లేముందు, ఫోన్‌కి బ్యాటరీ బెంగ ఎలా పట్టుకుందో చూద్దాం. 1876లో గ్రాహం బెల్ తీగలో మాట పంపాడు. అక్కణ్నుంచి ఒక్క గెంతులో మన ల్యాండ్‌లైన్ దగ్గరికి వచ్చేద్దాం. దానికి చార్జింగ్ బెంగ లేదు. 48 వోల్టుల కరెంటు ఎక్స్ఛేంజీ నుంచి తీగలోనే వచ్చేది. 1995 జూలై 31న కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కి సెల్‌ఫోన్ చేశారు. మన దేశంలో తొలి మొబైల్ కాల్ అది. బ్యాటరీ బెంగా మనకు దాంతోనే వచ్చింది.

2005 ప్రాంతాల్లో నేను హైదరాబాద్ అమీర్‌పేట హాస్టల్లో ఉండేవాణ్ని. మైత్రీవనం దగ్గర బస్సు దిగితే చాలు, జావా, ఒరాకిల్ కోచింగ్ కరపత్రాలు చేతిలో పడేవి. మా గదిలో మిస్డ్ కాల్‌కి ఒక నిఘంటువే ఉండేది: ఒక రింగైతే టీకి దిగు, రెండైతే క్లాసు మొదలైంది. డల్లాస్ నుంచి బావ మిస్డ్ కాల్ ఇచ్చాడంటే నెట్ సెంటర్‌కి పరిగెత్తి స్కైప్ తెరవాలి. పొరపాటున ఫోనెత్తితే బావ డబ్బులు పోయేవి, నాకు వారమంతా తిట్లు పడేవి.

మా నిఘంటువే 2007లో పరిశోధనాపత్రం అయింది. యువరాజ్ అగర్వాల్, రణవీర్ చంద్ర, మరికొందరు కలిసి చేసిన ఆ పద్ధతి పేరు సెల్2నోటిఫై. వైఫై రేడియో ఏమీ మాట్లాడకపోయినా, ఎవరైనా పిలుస్తారేమోనని చెవులు రిక్కించుకుని కూర్చుంటే చాలు, బ్యాటరీ కరిగిపోతుంది. అదే సెల్ రేడియో ఊరికే ఉన్నప్పుడు చాలా తక్కువ తింటుంది. అందుకని వైఫైని పడుకోబెట్టేస్తారు. ఇంటర్నెట్ కాల్ వచ్చినప్పుడు సర్వర్ ముందు ఒక ప్రత్యేక నంబరు నుంచి మామూలు సెల్ కాల్ చేస్తుంది. ఫోన్ దాన్ని ఎత్తదు. నంబరు చూసి వైఫైని లేపి, అసలు మాట అందులో కలుపుతుంది. ఆ పత్రంలో మైత్రీవనం ప్రస్తావన లేదు. ఉండాల్సింది!

మాట మొదలయ్యాక పొదుపు ఇంకోరకం. గొంతు సాధారణంగా 20 మిల్లీసెకన్లకో పొట్లంగా వెళ్తుంది. పాత వైఫై కునుకు తీస్తే దాదాపు 100 మిల్లీసెకన్లకి గానీ లేచేది కాదు, మాట నత్తి కొట్టేది. 2005 నాటి 802.11ఈ ప్రమాణం దారి చూపింది: ఫోన్ తన పొట్లం పంపేటప్పుడే తనకొచ్చింది కూడా తీసుకుని మళ్లీ కళ్లు మూస్తుంది. ఎలాగూ కిందికి దిగాం కదా అని వార్డెన్ దగ్గర మన ఉత్తరాలు అడిగినట్టు. అవతలివాళ్లు మాట్లాడుతుంటే మన వైపు పొట్లాలు ఆపేసే కిటుకూ ఉంది. మా ఇంట్లో అది పనిచేయదు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు.

తర్వాత కథ గజిబిజి. 2015లో వాట్సాప్ కాల్స్, 2016లో జియో, ఆపైన వీడియో. పొదుపు లెక్కలు వేసేవాళ్లు వేస్తూనే ఉన్నారు, జనం పవర్‌బ్యాంకులు కొనుక్కున్నారు.

మొన్న మైత్రీవనం దగ్గర టీ తాగుతుంటే ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. బావ. అలవాటు కొద్దీ ఎత్తలేదు. నిమిషంలో వాట్సాప్ వచ్చింది: ‘ఎత్తవేంట్రా?’