విషాదనాయకుడుగా కర్ణుడు: ‘కర్ణభారం’ నుండి వేములవాడ పంపభారతం వరకు

భారతీయ నాటక లక్షణకారులు నాయకుని మరణాన్ని రంగస్థలంపై చూపరాదన్నారు. నాయకుని ఫలప్రాప్తితో రూపకం ముగియాలని విధించారు. అందువల్ల సంస్కృత నాటక సాహిత్యంలో విషాదాంత రచనలు అరుదు. టి. గణపతిశాస్త్రి 1912 నుండి తిరువనంతపురంలో ప్రకటించిన, భాసకృతాలుగా ప్రసిద్ధి పొందిన రూపకాలలో ‘ఊరుభంగం’, ‘కర్ణభారం’ ఈ దృష్టితో ప్రత్యేకంగా పరిశీలింపదగినవి. ‘కర్ణభారం’లోని కర్ణుని విషాదం పదవ శతాబ్దిలో వేములవాడ ఆస్థానంలో వెలసిన పంపభారతంలో మరొక దిశలో పరిణతి పొందింది. ఆ పరిణామాన్నీ, దాని వెనుకనున్న చారిత్రక నేపథ్యాన్నీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘కర్ణభారం’లో పాత్రస్థితి

‘కర్ణభారం’ ఏకాంక రూపకం. యుద్ధానికి బయలుదేరిన కర్ణుడు ప్రవేశంలోనే ఖిన్నుడై కనిపిస్తాడు. పరశురాముని శాపవృత్తాంతాన్ని శల్యునికి తానే చెబుతాడు. తన అస్త్రాలు అక్కరకు రావని అతనికి అప్పటికే తెలుసు. ఆ తరువాత ఇంద్రుడు విప్రవేషంలో వచ్చి యాచిస్తాడు. గోవులు, గుర్రాలు, ఏనుగులు, బంగారం, చివరకు తన శిరస్సు సైతం ఇవ్వజూపిన కర్ణుడు, శల్యుడు వారిస్తున్నా కవచకుండలాలను దానం చేస్తాడు. వంచన బయటపడినా పశ్చాత్తాపపడడు. అర్జునుడున్న చోటికి రథం తోలమనడంతో రూపకం ముగుస్తుంది. మరణం రంగంపై కనబడదు, కాని ప్రేక్షకునికి అది తప్పదని తెలుసు. ఇక్కడ కర్ణుని పతనానికి అతని దోషం కాక, అతని గుణమే హేతువవుతున్నది. అయితే ఏకాంక పరిమితి వలన పాత్ర ఎదుగుదలలోని దశలు ఇందులో చోటు చేసుకోలేదు.

వేములవాడ ఆస్థానం

వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. వీరిలో రెండవ అరికేసరి ఆస్థానకవి పంపడు. వేంగినాటి మూలాలు గల ఈ కవి క్రీ.శ. 941 ప్రాంతంలో కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ అనే చంపూకావ్యాన్ని రచించాడు. పంపభారతంగా ప్రసిద్ధమైనది ఇదే. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కుర్క్యాల బొమ్మలగుట్టపై పంపని తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం ఈ కుటుంబ చరిత్రకు ముఖ్యాధారం. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడూ గల ఆ శాసనంలోని కందపద్యాలు నన్నయకు పూర్వపు తెలుగు పద్యరచనకు సాక్ష్యాలు. కాబట్టి పంపభారతం కన్నడ కావ్యమైనా, అది పుట్టిన సాహిత్య వాతావరణం ఉత్తర తెలంగాణ చరిత్రలో భాగమే.

పంపడు తన ప్రభువును అర్జునునితో అభేదంగా నిలిపాడు. ద్రౌపదిని అర్జునునికి మాత్రమే పత్నిగా చూపడం, కావ్యాంతంలో అతనికే పట్టాభిషేకం చేయడం దీని ఫలితాలే. ఈ ప్రణాళికలో కర్ణుడు కవి ప్రభువుకు ప్రతినాయకుడు కావలసి ఉన్నది. కాని కవి సానుభూతి అతనివైపే మొగ్గింది.

పాత్రపరిణామ దశలు

పంపభారతంలోని కర్ణునిలో మూడు దశలను గుర్తించవచ్చు. మొదటిది అవమానదశ. అస్త్రవిద్యా ప్రదర్శనలో కులప్రశ్న ఎదురైనప్పుడు దుర్యోధనుడు అతన్ని అంగరాజుగా నిలుపుతాడు. ఆ గాయం తాలూకు ఉక్రోషం భీష్ముని సేనాపతిగా నియమించే వేళ వరకు మానదు. కర్ణుడు వృద్ధుడైన పితామహుని అధిక్షేపిస్తాడు.

రెండవది జ్ఞానదశ. కృష్ణుడు జన్మరహస్యం చెప్పి పాండవపక్షానికి ఆహ్వానించినప్పుడు కర్ణుడు భానుమతితో ఆడిన నెత్తపు సన్నివేశాన్ని తలచుకొంటాడు. ఆటలో ముత్యాలహారం తెగినా దుర్యోధనుడు శంకించలేదనీ, అటువంటి మిత్రుని విడువరాదనీ అతని భావం. వ్యాసభారతంలో లేని ఈ సన్నివేశాన్ని విమర్శకులు భిన్నరీతులలో అన్వయించారు. తమ్ములను చంపలేక, నమ్మిన ప్రభువును విడువలేక, యుద్ధంలో తన దేహాన్నే అర్పించాలని కర్ణుడు నిశ్చయించుకొంటాడు.

మూడవది శమదశ. తానొకప్పుడు నిందించిన భీష్ముని శరతల్పం వద్ద అతడు వినయంతో తలవంచుతాడు. ఉక్రోషంతో మొదలైన పాత్ర వినయంతో పూర్ణమవుతుంది.

సొఫోక్లీస్ నాటకంలో ఈడిపస్ తన జన్మరహస్యాన్ని అనర్థం జరిగిన తరువాత తెలుసుకొంటాడు. కర్ణునికి అది ముందే తెలుస్తుంది. ఈడిపస్ విషాదానికి అజ్ఞానం మూలం కాగా, పంపని కర్ణుని విషాదానికి తెలిసి చేసిన ఎంపిక మూలం.

చారిత్రక నేపథ్యం

ఈ ఎంపికకు ఆనాటి సామంతవ్యవస్థలో పేరున్నది: ‘జోళదపాళి’, అంటే తిన్న జొన్నల ఋణం. తెలుగువారు ఉప్పుతిన్న విశ్వాసం అనేది ఇదే. అయితే అరికేసరి తన సార్వభౌముడైన నాల్గవ గోవిందునికి ఎదురు నిలిచి, శరణుజొచ్చిన విజయాదిత్యుని రక్షించాడు, సామ్రాజ్యం బద్దెగునికి దక్కడానికి తోడ్పడ్డాడు. పంపడు దీనిని ప్రభువు ఘనతగా కీర్తించాడు. శరణాగతరక్షణ కోసం స్వామిని ఎదిరించిన వానిని నాయకునిగా నిలిపిన కవి, స్వామిఋణం కోసం సోదరులను సైతం వదులుకొన్న వానికి కావ్యంలోకెల్ల ఉదాత్తమైన మరణాన్నిచ్చాడు. భారతంలో స్మరింపదగినవాడు కర్ణుడేనన్న భావాన్ని కవి అతని మరణఘట్టంలో ప్రకటించాడు. ఆ కాలపు రెండు ధర్మాల మధ్య ఘర్షణను పంపడు పరిష్కరించలేదు, కర్ణునిలో దానికి రూపమిచ్చాడు.

ఉపసంహారం

పంపభారతంలోని గదాయుద్ధ ఘట్టం ప్రేరణతో రన్నడు దుర్యోధనుని మహానుభావునిగా చిత్రించాడు. ఆ కావ్యం నుండే బి.ఎం. శ్రీకంఠయ్య ఆధునిక కాలంలో విషాదనాటకాన్ని రూపొందించాడు. గ్రీకు నాటకాలతో పరిచయమున్న ఆయనకు విషాదనాయకుడు స్వదేశీయ కావ్యంలోనే లభించడం గమనార్హం. దక్షిణాది విషాద రచనకు పాశ్చాత్య ప్రభావాన్ని మాత్రమే కారణంగా చెప్పే దృక్పథం అసంపూర్ణమని దీనివలన స్పష్టమవుతున్నది. ఆ చరిత్రలో వేములవాడకు న్యాయమైన స్థానం కల్పించవలసి ఉన్నది.