ఇందిర (కాలాతీత వ్యక్తులు)

డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’ నవలలో ప్రధాన పాత్ర ఇందిర. ఈ నవల 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’ వారపత్రికలో ధారావాహికగా వెలువడింది. ఆ పత్రికకు సంపాదకుడు గోరాశాస్త్రి. అనకాపల్లిలో 1929లో పుట్టిన శ్రీదేవి వైద్యురాలిగా పనిచేస్తూనే కథలు, కవితలు రాశారు. 1961లో, చిన్న వయసులోనే మరణించిన ఆమెకు ఇదొక్కటే నవల.

కథాస్థలం విశాఖపట్నం. ఇందిర ఉద్యోగం చేస్తూ, ఇంటి బాధ్యత పట్టని తండ్రి ఆనందరావును పోషిస్తూ ఉంటుంది. మేడ మీద గదిలో అద్దెకుంటున్న వైద్య విద్యార్థి ప్రకాశం మనసు కల్యాణి అనే అమ్మాయి మీద ఉంటుంది. అది తెలిసి కూడా ఇందిర అతన్ని తనవైపు తిప్పుకుంటుంది. అయితే సొంతంగా ఏదీ తేల్చుకోలేని ప్రకాశం చివరికి మేనమామ మాటకు తలొగ్గి వెళ్లిపోతాడు. ఇందిర కుంగిపోదు. తన గతమంతా తెలిసిన అతని స్నేహితుడు కృష్ణమూర్తిని పెళ్లి చేసుకుంటుంది.

స్త్రీవాద విమర్శకు ఈ పాత్రలో ఆసక్తికరమైనది ధిక్కారం కన్నా జీతం. చలం ‘మైదానం’ (1927)లో రాజేశ్వరి భర్తను విడిచి ప్రేమ కోసం వెళ్తుంది, ఆ ప్రేమ మీదే బతుకంతా నిలుపుతుంది. ఇందిరకు ఆ అవసరం లేదు. నెల తిరిగేసరికి చేతికొచ్చే డబ్బు ఆమె సరదాలకూ, మొండితనానికీ, ఒక మగవాణ్ణి పిరికివాడని తేల్చి పక్కన పెట్టగల ధైర్యానికీ ఆధారం. స్త్రీ రాయాలంటే సొంత ఆదాయం, సొంత గది కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో అన్నది. ఇందిర రచయిత్రి కాదు. కానీ ఆమెకూ సొంత ఆదాయం ఉంది, అయితే అందులో కొంత తండ్రి పోషణకే పోతుంది. ఇంటిని పోషించే ఆడపిల్ల పెళ్లి గురించి ఆ ఇంట్లో ఎవరికీ తొందర ఉండదన్న చేదు నిజాన్ని నవల దాచిపెట్టదు.

ఇందిర మంచిది కాదు. స్వార్థం ఉంది, కల్యాణి పట్ల కనికరం లేదు. అప్పటి నవలల్లో ఇలాంటి స్త్రీ చివరికి చావాలి, లేదా కళ్లనీళ్లతో మారిపోవాలి. శ్రీదేవి ఆ రెండూ చేయించలేదు. పాత్ర బలమంతా ఇక్కడే ఉందని చెప్పవచ్చు. మర్యాదస్తురాలైన కల్యాణిని ఇందిరను కొట్టే కర్రగా వాడకపోవడం కూడా గమనించదగింది. కల్యాణికి ఆమె దారి ఆమెకుంది.

ఈ పఠనానికి అభ్యంతరాలూ లేకపోలేదు. ఇందిర వ్యవస్థను ప్రశ్నించదు, అందులో తన వాటా తాను లాక్కుంటుంది. ఆమె కథ కూడా పెళ్లి దగ్గరికే చేరుతుంది. హిందూ వివాహ చట్టం (1955) విడాకులకు, వారసత్వ చట్టం (1956) ఆస్తికి దారి తెరిచిన కాలంలో రాసినా, నవల చూపు చట్టం మీద కాక మనుషుల స్వభావం మీద ఉంది. పెళ్లి అనే ఏర్పాటునే నిలదీసే నాయిక కోసం తెలుగు పాఠకులు ఓల్గా ‘స్వేచ్ఛ’ (1987)లోని అరుణ వరకు ఆగవలసి వచ్చింది.

నవల ఆధారంగా 1963లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో ‘చదువుకున్న అమ్మాయిలు’ చిత్రం వచ్చింది.